పని చోటు మారిస్తే రాజీనామా రాయాలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాలు తయారుచేసే యూనిట్‌లో ఎనిమిదేళ్లుగా లేత్ మిషన్ మీద పనిచేస్తున్నాను. వచ్చే నెల యూనిట్‌ను మల్లవల్లికి తరలిస్తున్నారు. నాకు రానూపోనూ ఎనభై కిలోమీటర్ల దాకా అవుతుంది. ‘రాలేనివాళ్లు రాజీనామా ఇచ్చి లెక్క తీసుకోండి’ అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, పటమట

జవాబు: రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. అలాగని చెప్పాపెట్టకుండా పనికి వెళ్లడమూ మానకండి. రాజీనామా ఇస్తే మీ అంతట మీరే వెళ్లిపోయినట్టు లెక్క, ఇక తొలగింపు పరిహారం అడగడానికి ఉండదు. ఊరికే మానేస్తే గైర్హాజరు నోటీసులు పంపి, పని వదిలేసి పోయాడని రాసుకుంటారు.

ముందు అపాయింట్‌మెంట్ ఆర్డరు బయటికి తీయండి. ఏ యూనిట్‌కైనా బదిలీ చేయవచ్చని అందులో ఉంటే యాజమాన్యం వైపు బలం ఎక్కువ. లేకపోతే మీకు పట్టు దొరుకుతుంది. ఉద్యోగంలో చేరేనాటికి లేని మరో మిల్లుకు కార్మికులను పంపే హక్కు యజమానికి దానంతట అది రాదని కుందన్ షుగర్ మిల్స్ కేసులో 1960లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ నుంచి సుమారు 900 కిలోమీటర్ల దూరాన రాజస్థాన్‌లోని చోపంకికి కార్మికులను మార్చిన కపారో ఇంజినీరింగ్ కేసులోనూ 2021లో ఆ బదిలీలు చెల్లవంది. అయితే ఈ రెండూ కొందరు మనుషుల్ని వేరేచోటికి పంపిన కేసులు. యూనిట్ మొత్తం కదులుతున్నప్పుడు తరలింపును ఆపడం కష్టం. మీరు గట్టిగా నిలబడాల్సింది షరతుల దగ్గర, పరిహారం దగ్గర.

2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అలవెన్సులు, పని గంటలు, షిఫ్టులు, ఎప్పటినుంచో ఇస్తున్న సౌకర్యాలు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. చోటు మార్పు ఒక్కటే ఆ జాబితాలో లేదు. కానీ దాంతోపాటు షిఫ్టు టైము మారినా, ఇదివరకు ఇచ్చే బస్సు తీసేసినా నోటీసు తప్పదు. కొత్తగా ప్రయాణ భత్యం ఇచ్చి తీరాలని మాత్రం లేదు, అది మాట్లాడి సాధించుకోవాల్సిందే. ఒక్కరే కాకుండా నలుగురూ కలిసి రాతపూర్వకంగా అడగండి.

ఉత్తరంలో ఈ సంగతులు ఉండాలి: చేరిన తేదీ, ఇప్పటి పని చోటు, కొత్త చోటికి దూరం, మీరు కోరేది (బస్సు, భత్యం లేదా చట్టప్రకారం పరిహారం), ‘పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, రాజీనామా చేయడం లేదు’ అనే వాక్యం. ఆ చివరి వాక్యం మరవకండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. తరలింపు రోజు వచ్చేసరికి తేలకపోతే, అభ్యంతరం ఉందని రాసిచ్చి కొత్త చోట హాజరవడమే క్షేమం. ఆ తర్వాత లేబర్ ఆఫీసులో రాజీ అధికారికి దరఖాస్తు పెట్టండి. వివాదం మొదలైన రెండేళ్లు దాటితే వాళ్లు చేపట్టరు.

యాజమాన్యమే మిమ్మల్ని తీసేస్తే నెల నోటీసు లేదా నెల జీతం, సర్వీసులో ఏడాదికి 15 రోజుల సగటు జీతం రావాలి. నెలకు 24,000 అనుకుంటే ఎనిమిదేళ్లకు సుమారు 96,000. గ్రాట్యుటీ దీనికి అదనం: బేసిక్, డీఏ కలిపి 20,000 అయితే 20,000ను 15తో గుణించి, 26తో భాగించి, 8తో గుణిస్తే 92,308 రూపాయలు. ‘లెక్క’ అంటూ గ్రాట్యుటీ ఒక్కటే చేతిలో పెట్టి పరిహారం ఎగ్గొట్టడం తరచూ జరిగే మోసం. ఐదేళ్లు నిండినవాళ్లకు రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది కాబట్టి, దాన్ని ఎర చూపి సంతకం అడిగితే లొంగకండి. రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో చెల్లించాలి.

ప్రశ్న: మా ప్యాకింగ్ యూనిట్‌ను గుంటూరు ఊరి బయటికి మార్చి, రాత్రి తొమ్మిదింటి దాకా షిఫ్టు పెట్టారు. జీతం 16,000, ఈఎస్ఐ కోత ఉంది. కాదనవచ్చా? దారిలో ప్రమాదం జరిగితే ఎవరిది బాధ్యత?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట

జవాబు: కాదనవచ్చు. రాత్రి ఏడు దాటాక, ఉదయం ఆరుకు ముందు మహిళలతో పని చేయించాలంటే వారి సమ్మతి ఉండాలి, భద్రత ఏర్పాట్లూ చేయాలి. ఒప్పుకుంటే ఇంటికి చేర్చే వాహనం సంగతి కూడా ఆ సమ్మతి పత్రంలోనే రాయించుకోండి.

ఇంటికీ పనికీ మధ్య జరిగే ప్రమాదాన్నీ ఈఎస్ఐలో పనిలో జరిగిన ప్రమాదంగానే చూస్తారు. అయితే ఆ ప్రయాణం పనికోసమే అని సమయం, దారి చూపించగలగాలి. మధ్యలో వేరే పనిమీద పక్కదారి పడితే చిక్కొస్తుంది. దెబ్బ తగిలితే అదే రోజు సూపర్‌వైజరుకు వాట్సాప్‌లోనైనా రాతలో తెలపండి, ప్రమాదాల రిజిస్టరులో నమోదు చేయించండి, ఆసుపత్రి చీటీలో ‘పనికి వెళ్తుండగా’ అని రాయించండి. కొత్త షిఫ్టు టైము కాగితం మీద లేకపోతే రాత్రి తొమ్మిదిన్నరకు మీరు ఆ రోడ్డు మీద ఎందుకున్నారన్న ప్రశ్న వస్తుంది. అందుకని షిఫ్టు ఆర్డరు నకలు ఇప్పుడే అడిగి తీసుకోండి.