సాక్సు బొమ్మల కోసం మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: రెండేళ్లుగా సాక్సులతో కుందేళ్లు, కోతులు, ఏనుగులు కుట్టి నెలకు ఇరవై వరకు అమ్ముతున్నాను. బొమ్మ ధర రూ.250, సరకు ఖర్చు రూ.110. కుట్టడానికి రెండున్నర గంటలు పడుతుంది. రోజుకు నాలుగు గంటలు కుట్టగలను. క్రిస్మస్‌కు 300 బొమ్మలు కావాలని ఒక గిఫ్టు దుకాణం వారు అడిగారు. 70 రోజుల గడువు. బొమ్మకు రూ.190 చొప్పున, అమ్ముడైన 45 రోజులకు ఇస్తారు. మిషనుకు రూ.45 వేలు, సరకుకు రూ.35 వేలు తెలిసినవారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవచ్చా? మావారి జీతం రూ.34 వేలు, ఇంటి ఖర్చు రూ.31 వేలు, బ్యాంకులో రూ.11 వేలున్నాయి. ఆరేళ్ల పాప ఉంది.
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తెచ్చుకోవద్దమ్మా. పచ్చళ్లు పెట్టేవారు, మగ్గం పని చేసేవారు, పిండివంటలు చేసేవారు ప్రతి పండుగ ముందూ నాకు ఇదే ఉత్తరం రాస్తారు. పెద్ద ఆర్డరు రాగానే చూపు అప్పు మీదికి పోతుంది, చేతిలో ఎన్ని గంటలున్నాయో ఎవరూ లెక్కపెట్టరు.

300 బొమ్మలకు 750 గంటలు కావాలి. 70 రోజుల్లో మీకు దొరికేవి 280. మిషను ఈ తేడాను పూడ్చదు. మడమ దగ్గరి వంపును మూతిగా మలచడం, దూది కూరడం, చెవులూ కాళ్లూ కనిపించని కుట్టుతో అతకడం అంతా చేతిపనే. పైగా సాగే సాక్సు బట్ట మామూలు మిషను కింద లాగినట్లయి అంచు అలలు తేలుతుంది.

ఇక వడ్డీ. రూ.80 వేలకు నెలకు రూ.2,400. దుకాణం ధరలో బొమ్మకు మీకు మిగిలేది రూ.80. అంటే నెలకు ముప్పై బొమ్మల కష్టం వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అమ్ముడుపోని సరకు జనవరిలో మీ ఇంటికే తిరిగొస్తే ఆ వడ్డీ ఎవరు కడతారు? ఈ రేటుకు అప్పు ఇచ్చేవారు మీ మేలు కోరి ఇవ్వడం లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ రూ.11 వేలు. మీ ఇంటికి అవి పదకొండు రోజులకు కూడా చాలవు. జీతంలో మిగిలే రూ.3 వేలు, బొమ్మల లాభం రూ.2,800 కలిపితే రెండేళ్లలో రూ.1.39 లక్షలు జమై ఉండాలి. ఇంటి డబ్బు, బొమ్మల డబ్బు ఒకే పర్సులో తిరుగుతుంటే అది ఎటు కరిగిపోయిందో తెలియదు. పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే, మీవారి జీతం ఒక్క నెల ఆగితే, మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీ గుమ్మమే ఎక్కాలి. ఈరోజే వేరే ఖాతా తెరిచి నెలకు రూ.5,800 అందులో వేయండి. ఇప్పుడున్న రూ.11 వేలతో కలిపి దాదాపు పద్నాలుగు నెలల్లో మూడు నెలల ఖర్చు, అంటే రూ.93 వేలు సమకూరుతుంది. అప్పటిదాకా దాన్ని సాక్సులకూ దూదికీ ముట్టుకోవద్దు. ఆ తర్వాత ఆరు నెలల ఖర్చు వరకు పెంచండి.

మీవారి పేరిట ఏడాదికి రూ.436 కట్టే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి జీవిత బీమా, రూ.20 కట్టే సురక్షా ప్రమాద బీమా లేకపోతే వెంటనే తీసుకోండి. మిషను తప్పదనుకుంటే ఈ పొదుపు నిధి పూర్తయ్యాక చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా శిశు రుణం అడగండి, రూ.50 వేల వరకు తాకట్టు అక్కరలేదు. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది కాబట్టి ఆ గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోండి. చిన్న పిల్లల బొమ్మలకు గుండీ కళ్లు వద్దు, దారంతో కుట్టండి.

దుకాణదారుకు ఈ వారమే ఫోను చేసి, 60 బొమ్మలే ఇవ్వగలనని చెప్పండి. మీ పాత కొనుగోలుదారులవి కలిపినా అవి 280 గంటల్లో పూర్తవుతాయి. రూ.11,400లో సగం ముందుగా అడగండి, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోనని స్పష్టంగా చెప్పండి. సరకుకు రూ.6,600 చాలు, అందులో రూ.5,700 వారి అడ్వాన్సే ఇస్తుంది. వారు ఒప్పుకోకపోతే ఆర్డరు వదిలేసి, మీ పాతవారికే రూ.250 చొప్పున అమ్మండి.