పెన్‌డ్రైవ్‌లో చుక్క ఫైలు

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో గుమాస్తాను. ఇంట్లో మా అబ్బాయి లినక్స్ ల్యాప్‌టాప్‌లో ‘విమ్’ అనే రాసుకునే ప్రోగ్రాం తెరిచి, పెన్‌డ్రైవ్‌లోని ఫైలులో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు రాసుకుంటాను. మొన్న రాస్తుండగానే తొందరలో పెన్‌డ్రైవ్ లాగేశాను. కొట్టులోని విండోస్ కంప్యూటరుకు పెడితే నా ఫైలు పక్కన చుక్కతో మొదలై ‘ఎస్‌డబ్ల్యూపీ’తో ముగిసే మరో ఫైలు కనిపించింది. ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. వైరస్ అంటున్నారు మా షావుకారు. తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండీ. మీరు సేవ్ చేయని లెక్కలు ఇంకా మిగిలి ఉంటే దాంట్లోనే ఉంటాయి. షావుకారు గారిని ఒక్క పూట ఓపిక పట్టమనండి.

విమ్ ఏ ఫైలు తెరిచినా దాని పక్కనే ఇలాంటి స్వాప్ ఫైలు పెట్టుకుంటుంది. మీరు 200 అక్షరాలు కొట్టినప్పుడల్లా, లేదా 4 సెకన్లు చేయి ఆపినప్పుడల్లా మార్పులను అందులోకి ఎక్కిస్తుంది. సవ్యంగా మూస్తే తానే చెరిపేసి వెళుతుంది. మీరు మధ్యలో లాగేశారు కాబట్టి మిగిలిపోయింది. ఇంట్లో కనబడకపోవడానికి కారణం వేరే. పేరు చుక్కతో మొదలైతే లినక్స్, మ్యాక్ దాన్ని దాచేస్తాయి. విండోస్‌కు ఆ పట్టింపు లేదు. అక్కడ దాచమని విడిగా గుర్తు పెట్టాలి.

పెన్‌డ్రైవ్ ఇంటికి తీసుకెళ్లి అసలు ఫైలునే విమ్‌లో తెరవండి. హెచ్చరిక వస్తుంది. ‘ఆర్’ నొక్కితే దొరికినంత తిరిగి వస్తుంది. దాన్ని వేరే పేరుతో సేవ్ చేసి, పాతదానితో వరుసవరుసా పోల్చి చూసుకున్నాకే స్వాప్ ఫైలు తీసేయండి. ఇలా మిగిలిపోయినదాన్ని విమ్ తానుగా చెరపదు. అప్పటిదాకా కొట్టులో నోట్‌ప్యాడ్‌తో అసలు ఫైలును ముట్టుకోవద్దు. చివర కొట్టిన నాలుగు వరుసలు పెన్‌డ్రైవ్‌కు చేరకముందే మీరు లాగేసి ఉంటే అవి దొరకవు, మళ్లీ చీటీలు చూసి రాసుకోవలసిందే.

ఈ ఫైళ్లు పక్కన చిందరవందరగా ఉన్నాయని కొందరు కుర్రాళ్లు వాటిని లినక్స్‌లోని ‘టెంప్’ ఫోల్డరుకు మళ్లిస్తారు. మీ అబ్బాయి ఆ సలహా ఇస్తే ఒప్పుకోకండి. కంప్యూటర్ మళ్లీ మొదలైతే ఆ ఫోల్డరు చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోతుంది. కరెంటు పోయినప్పుడే కదా వీటితో అవసరం! పైగా ఒకే ఫైలును ఇద్దరు తెరిస్తే రెండోవారిని హెచ్చరించేదీ పక్కనున్న ఈ ఫైలే.

విండోస్‌లో వాడే ‘నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్’ దారి వేరు. మామూలుగా 7 సెకన్లకోసారి తీసుకునే నకలును మీ పేరుతో ఉన్న ‘యాప్‌డేటా’ ఫోల్డరులో దాస్తుంది. పెన్‌డ్రైవ్ శుభ్రంగానే ఉంటుంది. కానీ సేవ్ చేయని పని కొట్టు కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, మీతో ఇంటికి రాదు.

ప్రశ్న: గవర్నర్‌పేటలో మాది శుభలేఖలు కంపోజ్ చేసే కొట్టు. వర్డ్ ఫైళ్ల పక్కన అలగీత (~), డాలరు ($) గుర్తుతో మొదలయ్యే చిన్న ఫైళ్లు వస్తున్నాయి. పోయిన పని వీటిలో దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దొరకదమ్మా. ఆ ఫైలును ఎవరు తెరిచారో వాళ్ల పేరు మాత్రమే అందులో ఉంటుంది. వర్డ్ కిటికీలన్నీ మూశాక కూడా మిగిలితే నిశ్చింతగా తీసేయండి. పోయిన పనికి వర్డ్‌లోని ఆటోరికవర్‌ను చూడండి. మార్చకపోతే అది 10 నిమిషాలకోసారి దాస్తుంది. ముహూర్తాల సీజన్‌లో దాన్ని 2 నిమిషాలకు తగ్గించుకోండి.