మడత తెర కంప్యూటర్ కోసం చీటీ పాడవచ్చా?

ప్రశ్న: నేను ఒంగోలులో సొంతంగా పని చేసుకుంటున్న సివిల్ ఇంజినీరును. ఇళ్ల ప్లాన్లు, ఎస్టిమేట్లు, సైటు పర్యవేక్షణ మీద ఏడాదికి 12 లక్షల వరకు ఫీజులు వస్తాయి. ఆఫీసు అద్దె, డ్రాఫ్ట్స్‌మన్ జీతం, పెట్రోలు పోను నెలకు 65 వేలు మిగులుతాయి. ఇంటి ఖర్చు 35 వేలు. బ్యాంకులో 2.6 లక్షల డిపాజిట్ ఉంది. నెలకు 10 వేల చొప్పున 50 నెలలు కట్టే 5 లక్షల చీటీలో 14 వాయిదాలు కట్టాను. ఇప్పుడు పాట 1.3 లక్షల దాకా వెళ్తోంది. చీమకుర్తి, సింగరాయకొండ, కావలి వైపు సైట్లకు వారానికి మూడు రోజులు, చెన్నైకి నెలకు రెండుసార్లు వెళ్తుంటాను. నా ల్యాప్‌టాప్‌కు ఆరేళ్లు నిండాయి. మడిచి సంచిలో పెట్టుకోగల 17 అంగుళాల టచ్ కంప్యూటర్ 3.3 లక్షలకు చూశాను. చీటీ పాడి కొనమంటారా, రెండేళ్ల ఈఎంఐలో తీసుకోమంటారా? పన్నులో ఖర్చుగా చూపించుకోవచ్చని మిత్రులు అంటున్నారు.

జవాబు: చీటీ పాడవద్దు, ఈఎంఐ కూడా వద్దు. కొత్త కంప్యూటర్ మీకు అవసరమే కానీ, ఈ కంప్యూటర్ మాత్రం అవసరం లేదు. కారణాలు కొంత మీ డబ్బులోనూ, కొంత మీ పనిలోనూ ఉన్నాయి.

మీ మిత్రుల మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది త్వరగా తేలిపోతుంది. ఇంజినీరింగ్ వృత్తిలో ఉన్నవారు 44ఏడీఏ అని పిలిచే అంచనా ఆదాయ పద్ధతిలో ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే, వచ్చిన ఫీజుల్లో సగాన్ని ఆదాయంగా లెక్కిస్తారు. మిగతా సగంలోనే అన్ని ఖర్చులూ కలిసిపోయినట్టు భావిస్తారు కనుక కంప్యూటర్ తరుగుదలను, అంటే ఏటా తగ్గే విలువను, విడిగా చూపడానికి వీలుండదు. పుస్తకాలు రాసి పెట్టుకుంటే కంప్యూటర్ మీద ఏటా 40 శాతం తరుగుదల చూపవచ్చు, నిజమే. అయితే మీరు 6 లక్షలు ఆదాయంగా చూపినా, అసలు మిగులైన 7.8 లక్షలూ చూపినా, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను రిబేటు ఉన్నందున మీరు కట్టవలసిన పన్ను ఏమీ లేదు. లేని పన్నును ఆదా చేసుకోవడం ఎలా? ఇక ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, అంటే 3.3 లక్షల ధరలో దాదాపు 50 వేలు పన్నే. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి మీరు నమోదు చేసుకుని ఉండరనుకుంటాను. ఆ 50 వేలు, నమోదైనవారికి దొరికినట్టు, మీకు క్రెడిట్‌గా కూడా తిరిగి రావు.

ఇప్పుడు చీటీ. ఈ నెల పాడితే 1.3 లక్షలు వదులుకుని 3.7 లక్షలు చేతికి తీసుకుంటారు. ఇతరులు పాటలో వదులుకున్న సొమ్ములో మీ వాటాగా డివిడెండ్లు ఎంత వచ్చినా, ఇంకా 36 వాయిదాలు తప్పవు. పైగా పాట మొత్తం ఇవ్వడానికి జామీను అడుగుతారు. సాధారణంగా ఉద్యోగస్తులనే జామీనుగా తెమ్మంటారు. ఇంటి స్థలానికో, అప్పు తీర్చడానికో ఒక బంధువుతో సంతకం పెట్టించుకోవడం వేరు, రెండేళ్లలో సగం విలువ పోయే యంత్రం కోసం పెట్టించుకోవడం వేరు. అదే చీటీని చివరి నెలల దాకా ఉంచితే, నిర్వాహకుడి కమీషన్ పోను దాదాపు మొత్తం మీకే వస్తుంది. చట్టం ప్రకారం ఆ కమీషన్ 7 శాతానికి మించకూడదు. మన ప్రాంతంలో చీటీని తక్షణ అవసరానికి తీసే డబ్బుగా చూడటం అలవాటు, నేను దాన్ని తప్పుపట్టను. మీ దగ్గర అలాంటి అవసరం మాత్రం కనిపించడం లేదు.

ఈఎంఐ విషయానికి వస్తే, 15 శాతం వడ్డీకి రెండేళ్లంటే నెలకు దాదాపు 16 వేలు కట్టాలి, మొత్తం మీద 54 వేలు వడ్డీకే పోతుంది. 'నో కాస్ట్' అన్నా, క్రెడిట్ కార్డు మీద అయితే వడ్డీ మీది జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ ఖాతాలోనే పడతాయి. మీ 65 వేల నుంచి ఇల్లు, చీటీ పోగా మిగిలేది 20 వేలు. అందులో 16 వేలు ఈఎంఐకి పోతే 4 వేలతో నెల గడపాలి. జీతగాడికి ఇది ఇబ్బంది, మీకు ప్రమాదం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు పడితే సైట్లు ఆగిపోతాయి, శ్లాబులు వాయిదా పడతాయి, ఫీజులూ వాయిదా పడతాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నెల మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు ఆరు నెలలు గడిచే నిల్వ చేతిలో ఉండాలి: ఇల్లు, చీటీ కలిపి నెలకు 45 వేలు, ఆరు నెలలకు 2.7 లక్షలు. మీ డిపాజిట్ 2.6 లక్షలు. అది దాదాపు ఆ నిల్వకే సరిపోతుంది, దాన్ని ముట్టవద్దు.

ఇంతవరకూ డబ్బు. యంత్రం మీ పనికి నిజంగా సరిపోతే నేను వేరే దారి వెతికేవాణ్ని, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

మడత కంప్యూటర్ అన్న పేరుతో మూడు రకాలు అమ్ముతున్నారు. మూత వెనక్కి పూర్తిగా తిరిగి టాబ్లెట్‌లా మారేవి ఒకటి, అవి ఎప్పటినుంచో ఉన్నాయి, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కీబోర్డు ఉండవలసిన చోట రెండో తెర పెట్టినవి రెండో రకం. తెరే మధ్యలో వంగేవి మూడో రకం. మీరు చూసింది ఈ మూడోదే. 2020 జనవరిలో లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 ఫోల్డ్‌ను ప్రదర్శించడంతో ఈ రకం మొదలైంది. 2022 నవంబరులో ఆసుస్ జెన్‌బుక్ 17 ఫోల్డ్ మన దేశంలో 3,29,990 రూపాయలకు వచ్చింది. మీరు రాసిన కొలత, ధర చూస్తే అదే అయి ఉంటుంది. విప్పితే 17.3 అంగుళాలు, మడిస్తే పన్నెండున్నర. కీబోర్డు లేకుండా ఒకటిన్నర కిలో, కీబోర్డుతో 1.8 కిలోల దాకా. అందులోని ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్ తక్కువ విద్యుత్తుతో నడిచేది, విడి గ్రాఫిక్స్ కార్డు లేదు, మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది కనుక తర్వాత పెంచుకోలేరు. ఉత్తరాలు, ఎస్టిమేటు షీట్లు, వీడియో కాల్స్‌కు అది చాలు. మూడంతస్తుల ఇంటికి త్రీడీ రెండరింగ్ (ప్లాను నుంచి నిజమైన ఇంటిలా కనిపించే బొమ్మ తయారీ) పెడితే మీరు టీ తాగి వచ్చినా పూర్తికాదు.

చెన్నైలో ఒక దుకాణంలో నేను అలాంటి యంత్రాన్ని విప్పి చూశాను. తెర నిజంగా అందంగా ఉంది. మడత దగ్గర వేలు జరిపితే చిన్న లోతు తగిలింది, పక్క నుంచి చూస్తే దీపం వెలుగు అక్కడ వంకరపోయింది. అది ఓర్చుకోదగ్గదే. తెర వంగే చోట ఉండే కీలు (హింజ్) 30 వేల మడతలకు పరీక్షించినదని కంపెనీ చెబుతుంది, రోజుకు పదిసార్లు విప్పినా అది ఎన్నో ఏళ్లు వస్తుంది. నా భయం కీలు అరుగుతుందని కాదు, అందులోకి ఏది దూరుతుందోనని. మీరు తిరిగేది చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ రాళ్లు కోసే చోట్ల, సిమెంటు బస్తాలు విప్పే చోట్ల. వంగే తెర పైపొర మామూలు గాజులా గట్టిది కాదు. ఒక గ్రానైట్ రజను లోపల ఉండగా మడిస్తే గీత శాశ్వతంగా మిగులుతుంది. తెర మారిస్తే అయ్యే ఖర్చు ఒక మంచి ల్యాప్‌టాప్ ధరతో పోటీ పడగలదు. ఆపైన మెరిసే ఓఎల్‌ఈడీ తెర, ఎండలో నిలబడితే ఇంటి యజమానికి ప్లానుకు బదులు తన ముఖమే కనిపిస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని తయారీదారులే చెబుతారు. రోహిణి కార్తెలో ఒంగోలులో ఆ లెక్క ఉదయమే దాటిపోతుంది.

ప్రయాణంలో ఉపయోగం మాటకు వస్తే, ఈ తెరను పూర్తిగా విప్పాలంటే వెనుక ఊతకాలు నిలబడే చదునైన బల్ల కావాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్ చైర్ కార్‌లో ముందు సీటు వెనుక ఉండే చిన్న పలక మీద అది కుదురుగా నిలవదు, ఒళ్లో అసలే నిలవదు. అప్పుడు సగం మడిచి, కింది సగం మీద కీబోర్డు పెట్టుకుని పని చేస్తారు, అంటే 3.3 లక్షలు పెట్టి పన్నెండున్నర అంగుళాల తెర మీద ఆటోక్యాడ్ గీస్తారు. విడి కీబోర్డు ఛార్జింగ్ కూడా మీరే గుర్తుపెట్టుకోవాలి. హోటల్ గదిలో, చెన్నై ఆర్కిటెక్టు ఆఫీసులో మాత్రం ఇది చక్కగా పనిచేస్తుంది. నెలకు రెండుసార్లు.

నెలసరి ఖర్చుగా చూద్దాం. నాలుగేళ్లు వాడి 80 వేలకు అమ్మగలిగారనుకున్నా, నెలకు 5,200 పడుతుంది. విడి గ్రాఫిక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ 85 వేలకు, యూఎస్‌బీ తీగతో నడిచే పలుచని 15.6 అంగుళాల తెర 14 వేలకు తీసుకుని, చివరకు 20 వేలకు అమ్మితే నెలకు 1,650. రెండు తెరలు పక్కపక్కన పెడితే మడత తెర కన్నా ఎక్కువ చోటే దొరుకుతుంది. నెలకు మూడున్నర వేల తేడాను మడత సంపాదించి పెట్టాలి. మీ క్లయింట్లు ఎక్కువమంది ప్లానును వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా చూసే సరే అంటారని మీకూ తెలుసు.

నెలకు 16 వేలు పక్కన పెట్టగలనని మీరు అనుకున్నారు కదా, అదే మొత్తాన్ని ఆరు నెలలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. వడ్డీ కాక 96 వేలు జమవుతుంది, మిగతా మూడు వేలు పెద్ద లెక్క కాదు. ఈలోగా పాత ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్కు కన్నా వేగమైన నిల్వ భాగం) లేకపోతే వేయించుకోండి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి, విండోస్ 11 అందులో నడుస్తుందో లేదో కూడా చూసుకోండి. సైటులో చూపడానికే పెద్ద తెర కావాలనిపిస్తే, కవరు ఉన్న ఒక మధ్యరకం టాబ్లెట్ చాలు; కిందపడినా గుండె ఆగదు.

కొనే రోజున దుకాణానికి మీ అతిపెద్ద డ్రాయింగును పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి అక్కడే తెరిపించండి. ప్రమాదవశాత్తూ దెబ్బతింటే వర్తించే అదనపు వారంటీని బిల్లులోనే రాయించుకోండి, మరమ్మతు ఒంగోలులో చేస్తారా, విజయవాడకో చెన్నైకో పంపుతారా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.