పోలీస్ యాక్షన్ నాటి న్యూస్‌రీల్‌కి ఏఐతో రంగులు వేస్తే అసలు రంగులు వస్తాయా?

జనగామ వైపు నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "భారత సైన్యం వచ్చి నిజాం హైదరాబాద్‌ను దేశంలో కలిపిన 1948 పోలీస్ యాక్షన్ నాటి న్యూస్‌రీల్ ముక్క రెండు నిమిషాలది దొరికింది. సెప్టెంబర్ 17న మా ఊరి లైబ్రరీ దగ్గర తెర కట్టి వేద్దామనుకుంటున్నాం. నలుపు తెలుపులో వేస్తే పిల్లలు లేచిపోతారు. ఏ సాఫ్ట్‌వేర్‌తో రంగులు వేస్తే అసలు రంగులు వస్తాయి అన్నా?"

తమ్ముడూ, అసలు రంగులు రావు. ఎన్ని వేలు పోసి కొన్నా రావు. ఆ ఫిల్ములో రంగు దాగి ఉంటే కదా బయటికి తీయడానికి! దాంట్లో ఉన్నది వెలుతురు ఒక్కటే. ఎక్కడ ఎంత ఎక్కువ, ఎక్కడ ఎంత తక్కువ అన్న లెక్క మాత్రమే. సాఫ్ట్‌వేర్ ఆ లెక్కను అలాగే ఉంచి, పైన రంగు ఊహించి పూస్తుంది. లక్షల రంగు ఫొటోలు చూసి నేర్చుకుంది కాబట్టి ఆకాశం నీలం అని, ఆకు పచ్చ అని బాగానే చెప్తుంది. గొంగడి, ముతక చీర, రుమాలు చుట్టిన తల వచ్చేసరికి తడబడుతుంది. ఏదీ తేలకపోతే గోధుమ రంగో, ఊదా రంగో పూసి చేతులు దులుపుకుంటుంది.

నేను హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేశాను. డ్రోన్లు వచ్చాక ఆ పని కుర్రాళ్లకు వదిలేసి, బూజు పట్టిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లు, చెదలు తిన్న ఫొటోలు బాగుచేసే పని పట్టుకున్నాను. మూడేళ్ల కింద పరకాల దగ్గరి ఒక ఊరి వాళ్లు నీలాగే వచ్చారు. వాళ్ల దగ్గర నలభై సెకన్ల ముక్క ఉంది. సైన్యం వచ్చాక జనం రోడ్డు మీదికి వచ్చి జెండాలు ఊపుతున్న దృశ్యం. తొమ్మిది షాట్లు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 960 ఫ్రేములు. మనకు ఇదెంత పని అనుకున్నాను. ఒక రాత్రి ఏఐకి అప్పజెప్పి పడుకున్నాను. పొద్దున చూస్తే ముచ్చటేసింది, నిజంగానే! ఆ ఊపులోనే పంచాయతీ ఆఫీసులో టీవీకి పెట్టి చూపించాను.

రెండో షాట్ దాటలేదు, గొడవ మొదలైంది. లారీ మీద ఉన్న జెండాను సాఫ్ట్‌వేర్ ఒక షాట్‌లో లేత నీలం చేసింది, ఇంకో షాట్‌లో మట్టి ఎరుపు చేసింది. ఒకాయన "అది సంఘం జెండా, ఎర్రదే, చూడు" అన్నాడు, కమ్యూనిస్టుల సంఘం అని. ఇంకొకాయన "సైన్యానికి స్వాగతం చెప్పినోళ్ల చేతిల ఎర్రజెండా ఎట్లుంటది, అది కాంగ్రెస్ జెండా" అని లేచాడు. వెనక నుంచి ఎవరో నిజాం పసుపు జెండా కూడా అయి ఉండొచ్చు కదా అన్నారు. మన దగ్గర ఆ రోజు పేరు మీదే ఒక మాట లేదు. విమోచనం అంటారు, విలీనం అంటారు, విద్రోహం అంటారు. అలాంటి చోట జెండా రంగును నేను ఒక యంత్రానికి వదిలేసి పడుకున్నాను. పైగా అది పరకాల ప్రాంతం. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగిన చోటు, అమరధామం ఉన్న చోటు. అక్కడ జెండా రంగు తప్పు వేస్తే ఎవరూ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇంటికొచ్చి ఒక్కొక్క ఫ్రేమూ పెద్దది చేసి చూశాను. రెండు జెండాల్లో మూడు పట్టీలు లీలగా కనిపించాయి, మధ్యది తెల్లగా. అంటే మువ్వన్నెలు. కాషాయం, ఆకుపచ్చ నలుపు తెలుపులో దగ్గర దగ్గర బూడిద రంగులే అవుతాయి కాబట్టి ఏది పైది, ఏది కిందిది అన్నది జెండా కట్టిన తీరు చూసి మనమే చెప్పాలి. ఇంకో సంగతి. రాజ్యాంగ సభ చక్రం ఉన్న జెండాను ఒప్పుకున్నది 1947 జూలై 22న. అంతకు ముందు కాంగ్రెస్ వాళ్లు ఎగరేసింది చరఖా ఉన్నది. పాతది దాచుకున్న వాళ్లు తర్వాత కూడా బయటికి తీసి ఉండొచ్చు. అందుకే మధ్యలో కనిపించని బొమ్మను గీయలేదు. సాఫ్ట్‌వేర్లు అక్కడ ఏదో గుండ్రటిది గీసేస్తాయి, చూసుకో.

మూడో జెండా ఒకటే ముద్ద. పట్టీలు లేవు, గుర్తు లేదు. ఎన్నిసార్లు చూసినా తేలలేదు. చివరికి చుట్టూ అంతా రంగులో ఉంచి ఆ ఒక్క గుడ్డను బూడిద రంగులోనే వదిలేశాను. కమిటీ వాళ్లు "పని సగంల ఇడిసిపెట్టినవేంది" అన్నారు. తెలియంది తెలియనట్టే ఉండనీయండి అన్నాను. మొదట ముఖం మాడ్చుకున్నారు గానీ, గొడవ పడ్డ ఇద్దరూ దానికే ఒప్పుకున్నారు.

బట్టల రంగుల కోసం ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టాను. ఒక అవ్వ ఉంది, అప్పుడు పదేళ్ల పిల్లనట. తెర మీద ఆడవాళ్లను చూడగానే "గీ ఊదా రంగు చీరెలు మాకెక్కడియి బిడ్డా" అని నవ్వింది. నేల గురించి కూడా ఆమే చెప్పింది. సాఫ్ట్‌వేర్ రోడ్డు పక్కనంతా పచ్చిక పరిచింది, ఇంగ్లండు లాగా. అది మన చెలక నేల, ఎర్రటిది. వానలు పడ్డ సెప్టెంబర్ కాబట్టి ఇంకాస్త ముదురు ఉంటుంది. ఇవి ఏ కంప్యూటర్‌కీ తెలియవు. అయితే పెద్దవాళ్ల జ్ఞాపకం కూడా డెబ్బై అయిదేళ్లది, దాన్నీ పూర్తిగా నమ్మకూడదు. ఇద్దరు విడివిడిగా ఒకటే చెప్తే వేశాను, లేకపోతే రంగు పలచగా ఉంచాను.

ఇక నీ పని సంగతి. రంగు కంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. పిల్లలు లేచిపోయేది నలుపు తెలుపు వల్ల అనుకుంటున్నావు గానీ, నా అనుభవంలో బొమ్మ వణకడం, మినుకుమినుకుమనడం, గీతలు పడటం వల్ల ఎక్కువ లేచిపోతారు. ముందు నీ ఫైలు సెకనుకు ఎన్ని ఫ్రేములో చూడు. 1948 నాటికి మాటలున్న రీళ్లు 24 ఫ్రేముల మీద స్థిరపడ్డాయి. నెట్‌లో తిరిగే కాపీ 30 చూపిస్తే నాలుగింటికి ఒకటి చొప్పున అదనంగా చేరినట్టు. వాటిని తీసేయకుండా ఏ ఏఐకి ఇచ్చినా కదలిక గంతులేస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో ప్రోగ్రాంలో డెసిమేట్ అని ఫిల్టర్ ఉంది, అయిదింటిలో ఒకటి తీసేస్తుంది. అలా చేశాక బొమ్మను నిలకడ చెయ్యి. దానికి దావించి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు. దుమ్ము, మినుకు తీసే పనిముట్లు మాత్రం అందులో డబ్బు కట్టిన వెర్షన్‌లోనే ఉంటాయి. రెండు నిమిషాలే కాబట్టి పెద్ద గీతలను చేత్తో తుడిచినా అయిపోతుంది, కొంచెం నడుం నొప్పి తప్ప.

మొదటి ప్రపంచ యుద్ధం ఫుటేజీ అయితే కథ వేరు. అప్పుడు కెమెరాను చేత్తో తిప్పేవాళ్లు. పీటర్ జాక్సన్ 2018లో లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం దగ్గరున్న వంద గంటల ఫుటేజీ ముందేసుకుని ఒక సినిమా చేశాడు. వాటిలో సెకనుకు 10 ఫ్రేముల నుంచి 18 దాకా రకరకాలుగా ఉన్నాయి. సైనికులు చార్లీ చాప్లిన్‌లా గబగబా నడిచేది అందుకే. మొదట ఆయన వాటిని అసలు నడక వేగానికి తెచ్చి, మధ్య ఫ్రేములు పుట్టించి 24 చేశాడు. పెదవుల కదలిక చదివే నిపుణులను పెట్టి ఎవరు ఏం మాట్లాడారో పట్టాడు. యూనిఫాం రంగుల కోసం తన దగ్గరున్న అసలు యూనిఫాంలనే చూసుకున్నాడు. మనకు నచ్చేది రంగు అనిపిస్తుంది గానీ, వాళ్లు మనుషుల్లా నడవడమే నన్ను ఎక్కువ కదిలించింది.

ఆ కాలపు ఫిల్ముతో ఇంకో చిక్కు ఉంది. అది ఎరుపును పట్టుకోలేదు. ఎర్ర గుడ్డ నల్లగా పడుతుంది, నీలాకాశం తెల్లగా పోతుంది. ముదురు బూడిద కనిపించిందని ముదురు రంగు వేస్తే తప్పవుతుంది. మన హైదరాబాద్ లాన్సర్లు, అంటే నిజాం గుర్రపు దళం, ఆ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లారు. 1918లో హైఫా పట్టుకున్న బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూర్ వాళ్లతో పాటు వీళ్లూ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలో విగ్రహాలుగా నిలబడ్డ ముగ్గురు సైనికుల్లో ఒకడు మనవాడే. రేపెవరైనా అలాంటి గుర్రపు దళం ఫుటేజీ తెస్తే తలపాగా రంగు కోసం ఫిల్మును అడగొద్దు, రెజిమెంట్ రికార్డును అడగండి. 1948 నాటికి ఫిల్ము అన్ని రంగులకూ స్పందించేది కాబట్టి నీకు ఈ బాధ లేదు.

ముఖాల సంగతి చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. మసక ముఖాలను పదును చేసే ఏఐలు వచ్చాయి. కన్ను, ముక్కు, పళ్లు చక్కగా తెస్తాయి. కానీ ఆ కన్ను ఆ మనిషిది కాదు, అది నేర్చుకున్న వేరే వేల మందిది. పరకాల పనిలోనే లారీ పక్కన నిలబడ్డ ఒకాయన తన నాన్న అని ఒక కుటుంబం గుర్తుపట్టింది. నేను అతి తెలివికి పోయి ఆ ముఖం మీద ఆ ఫిల్టర్ వేసి ప్రింటు తీసి ఇచ్చాను. కొడుకు చాలాసేపు చూసి "మా బాపు గిట్ల ఉండకపోవు" అన్నాడు. మసకగా ఉన్నప్పుడు గుర్తుపట్టిన ముఖాన్ని నేను స్పష్టంగా చేసి పోగొట్టాను. అసలు కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. ఆ ఫిల్టర్ మళ్లీ ముట్టలేదు.

సెకనుకు 60 ఫ్రేములు చేయమని కూడా ఎవరో సలహా ఇస్తారు. ఎడ్లబండి చక్రం ఆకులు కరిగిపోతాయి, తుపాకీ గొట్టాలు రెండవుతాయి. వద్దు.

సాఫ్ట్‌వేర్ పేరు అడిగావు కదా. డీఓల్డిఫై ఉచితం, 2018 నుంచి ఉంది, మొదటి పూత వరకు పనికొస్తుంది. దాని మీద ఆధారపడి మొత్తం వదిలేయకు. ప్రతి షాట్‌లో ఒక ఫ్రేము తీసి ఫొటోషాప్‌లోనో గింప్‌లోనో చేత్తో రంగు సరిచేసి, ఆ ఫ్రేమును చూసి మిగతావాటికి రంగు పాకించే రకం ఏఐకి ఇవ్వు. అప్పుడు చొక్కా ఒక సెకను నీలం, ఒక సెకను ఊదా అవడం తగ్గుతుంది. చివర్లో కొంచెం గ్రెయిన్, అంటే ఫిల్ము మీది సన్నని చుక్కలు, తిరిగి కలుపు, లేకపోతే మనుషులు ప్లాస్టిక్ బొమ్మల్లా మెరుస్తారు. నాకు నలభై సెకన్లకు సాయంత్రాలు కూర్చుంటే మూడు వారాలు పట్టింది. నీది రెండు నిమిషాలు. జూలైలోనే మొదలుపెట్టు.

నెట్‌లో దొరికిన కాపీని పబ్లిక్‌గా వేసే ముందు అది ఎక్కడిదో చూసుకో. మన చట్టం ప్రకారం సినిమాకు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు కాపీరైటు. 1948 నాటి మన దేశపు రీలుకు అది ఎప్పుడో అయిపోయింది. కానీ విదేశీ ఆర్కైవ్ స్కాన్ చేసి పెట్టిన కాపీ వాడాలంటే వాళ్ల షరతులు వేరే ఉంటాయి. ఒక ఈమెయిలు పెడితే పోయేదేం లేదు, ఒక్కోసారి మంచి కాపీ కూడా దొరుకుతుంది. ఒకవేళ మీ ఊళ్లో ఎవరి అటక మీదైనా అసలు రీలే దొరికితే మాత్రం ప్రొజెక్టర్‌లో వేయకు. 1950 ముందటి 35 ఎంఎం రీలు నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే పాతరకం ఫిల్ము, అయి ఉండొచ్చు. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. పులిసిన వాసన వస్తే అది ఎసిటేట్ అనే వేరే రకం ఫిల్ము పాడవుతున్న గుర్తు, అప్పుడు కూడా ప్రొజెక్టర్ జోలికి పోకుండా పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లకు రాయి.

తెర మీద ముందు నలుపు తెలుపు ముక్క వేసి, తర్వాత రంగుది వెయ్యి. రంగుది వేసేటప్పుడు మూలన "రంగులు మేం వేసినవి" అని తెలుగులో రాయి, చిన్న అక్షరాల్లో కాదు. పరకాల దగ్గర అలాగే వేశాం. పిల్లలు లేచిపోలేదు. రంగుది అయిపోగానే ముందు వరసలో ఒక పిల్ల ఆ బూడిద జెండా గురించే అడిగింది, దానికి రంగెందుకు లేదని. నాకంటే ముందు అవ్వ అందుకుంది. కరెంటు పోయేదాకా చెప్తూనే ఉంది.

నీ ముక్కలో జెండాలున్న షాట్లు ఎన్నో చూసి కింద రాయి తమ్ముడూ. వీలైతే ఆ ఫ్రేములు పెట్టు, కలిసి చూద్దాం.