తేట నీళ్లలో చేప ఎందుకు కనపడదు?

ప్రశ్న: సార్, ఈమధ్య ఒక కొండ నది మీద వంతెన దగ్గర గంటసేపు నిలబడ్డాను. అడుగున రాళ్లు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్లు. ఒక్క చేపా కనపడలేదు. అదే కింద మైదానంలో బురదనీళ్ల నిండా చేపలే. కొండల్లో నదికి చేపలుండవా?

జవాబు: ఉంటాయండీ. వంతెన మీద నుంచి కనపడవు, అంతే.

చదువుకునే రోజుల్లో ఒకసారి మోకాలి లోతు పరుగునీళ్లలోంచి పళ్లెమంత రాయి పైకి తీశాను. నీళ్లు కారిపోయాక దాని మీద చిటికెన వేలంత మచ్చ ఒకటి మిగిలింది. వేలితో తోస్తే జారింది గానీ ఊడలేదు. చేప! అరచేతిలోకి తీసుకుంటే తడి కాగితంలా అతుక్కుపోయింది. పొట్ట బల్లపరుపు, రెండు వైపులా రెక్కలు విసనకర్రల్లా పరుచుకుని ఉన్నాయి. మొత్తం ఒళ్లే అద్దానికి అంటించే రబ్బరు కప్పులా పనిచేస్తుంది. చేపని తేల్చే గాలితిత్తి కూడా కుంచించుకుపోయి ఎముక గూట్లో ఉంటుంది. తేలితే కొట్టుకుపోతుంది మరి! ఏరు ఎంత ఉరవడిగా పారినా రాయిని ఒరుసుకుపోయే పలుచటి పొరలో వేగం తక్కువ. దాని కాపురమంతా అక్కడే.

ఈ ఉరవడికి ఒక్కో చేప ఒక్కో ఉపాయం పట్టింది. గర్రా అనే చేపకి కింది పెదవి వెనక రాయికి అతుక్కునే గుండ్రటి బిళ్ల ఉంటుంది. గ్లిప్టోథొరాక్స్ అనే జెల్లకి రొమ్ము మీద చర్మం ముడతలు పడి రాయిని పట్టుకుంటుంది. హిమాలయ నదుల్లోని స్నో ట్రౌట్ రాళ్ల మీది పాచి గీక్కుని తింటుంది. పేరులో ట్రౌట్ ఉన్నా అది రోహుకి బంధువు.

నా చేప సంగతి చెప్పలేదు కదూ. బకెట్లో వేసి, ఒడ్డున ఎండలో పెట్టి, నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. తిరిగి చూసేసరికి చచ్చిపోయింది. తప్పు నాదే. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకొస్తే ఏడున్నరే. పైగా ఒళ్లు వేడెక్కిన చేపకి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి.

జాతులు పైన తక్కువే, అక్కడ మీ అనుమానం నిజం. దిగువకి మడుగులు, పక్కపాయలు, నీటిమొక్కలు, బురద అన్నీ కలుస్తాయి, రకానికో చోటు దొరుకుతుంది.

ఈసారి ఒడ్డున మడుగు చివర, నీళ్లు మళ్లీ రాళ్లమీదికి ఎక్కే చోట కదలకుండా కూర్చోండి. రాయి తీస్తే మెల్లగా తీసి, ఉన్నది ఉన్నట్టే పెట్టేయండి. దాని అడుగున గుడ్లు ఉండొచ్చు.

ప్రశ్న: పెద్ద జలాశయం లేకుండా, నీటిని సొరంగంలోకి మళ్లించి కరెంటు తీసి మళ్లీ నదిలోకే వదిలితే చేపలకి నష్టం లేదంటున్నారు. నిజమేనా?

జవాబు: నీళ్లు తిరిగొస్తాయి, నిజమే. మళ్లించిన చోటుకీ వదిలే చోటుకీ మధ్య కిలోమీటర్ల కొద్దీ నది ఉంటుంది, అక్కడ మిగిలేది సన్నటి ధార. ముందు ఎండేవి రాళ్ల మీద పారే చోట్లు, మడుగులు ఆఖరున. అంటే రాళ్లకి అంటుకునే చేపలు మొదట పోతాయి. గుడ్లు పెట్టడానికి వానాకాలంలో ఎగువకి వెళ్లే మహసీర్ చేపకి, నీటిని మళ్లించడానికి కట్టిన గోడ అడ్డం. తవ్విపోసిన మట్టి గులకరాళ్ల సందుల్ని పూడిస్తే అక్కడి గుడ్లకి ఊపిరాడదు. అందుకే ప్రాజెక్టు నివేదిక దొరికితే నేను ముందు చూసేది చేపల లెక్క కోసం వల ఎక్కడ వేశారన్నదే. మడుగులో మాత్రమే వేసి ‘చేపలున్నాయి’ అని రాస్తే ఆ లెక్క నేను నమ్మను.