నల్లి కనపడగానే ట్యాంకు నింపకు

చిన్నా,

నీ పీచ్ తోట ఫోటోలు చూశాను. ఆకుల మీద పసుపు చుక్కలు, అడుగున సాలెగూడులాంటి సన్నటి గూడు. అది ఆకు రసం పీల్చే నల్లే. కానీ రేపే మందు కొట్టించేస్తానన్నావు చూడు, నా టెన్షన్ దానికి.

ముందు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కొనుక్కో. చెట్టు లోపలి వైపు, కింది కొమ్మల ఆకులు తిరగేసి చూడు, నల్లి మొదలయ్యేది అక్కడే. ఒంటికి రెండు పక్కలా నల్లమచ్చ ఉండి నింపాదిగా తిరిగేది శత్రువు. మచ్చల్లేకుండా, నున్నగా, గబగబా పరిగెత్తేది మనవాడు, నల్లిని తినే నల్లి. శత్రువు గుడ్డు గుండ్రంగా ఉంటుంది, వీడిది కోలగా, కాస్త పెద్దగా. రెక్కల మీద ఆరు మచ్చలున్న తామర పురుగు కనపడినా వదిలెయ్. మిరప పండించిన అన్నయ్య ఆ పేరు వింటేనే ఉలిక్కిపడతాడు గానీ, ఇది నల్లిని తినే జాతి.

పైరిత్రాయిడ్ రకం పురుగుమందుల జోలికి మాత్రం వెళ్లకు. 1980ల్లో గుంటూరు పత్తిలో ఆ మందులు కొట్టేకొద్దీ తెల్లదోమ ఎలా రేగిందో అన్నయ్యనే అడుగు. అది చూసి కూడా, ఇక్కడ కాలిఫోర్నియా రీడ్లీలో తోట కొన్న మొదటి ఏడాది పీచ్ చిగుళ్లు తొలిచే పురుగుకు నేనూ అదే కొట్టాను. నల్లిని తినేవి చచ్చాయి, నల్లి మిగిలింది. జూలైకల్లా ఆకు రాలింది.

ఇంకోటి, దుమ్ము. మట్టిరోడ్డు పక్క వరసల్లోనే నల్లి ఎక్కువ, గమనించావా? దుమ్ము పడిన ఆకు మీద మిత్ర పురుగులు నిలవలేవు. రోడ్డు తడుపు, పికప్ మెల్లగా నడపమను. కాయ కోశాక నీళ్లు మరిచిపోతారు చాలామంది. దాహంతో ఉన్న చెట్టంటే నల్లికి పండగ.

చలికాలంలో కొట్టే నూనె కొమ్మల మీది ఎర్రనల్లి గుడ్లకు పనిచేస్తుంది. నీ తోటలో గూడు కట్టే రకం బెరడు కింద, నేల మీద ఆడనల్లిగా చలి గడుపుతుంది, దాన్ని నూనె పెద్దగా ఏమీ చేయదు. వసంతంలో ఆకు వెండిలా మెరిస్తే కంగారు పడకు. అది వేరే నల్లి, మనవాడికి తొలి మేత.

అప్పటికీ తప్పకపోతే నల్లికి మాత్రమే పనిచేసే మందు కొట్టు. కోతకు ఎన్నాళ్ల ముందు ఆపాలో లేబుల్ మీద చూడు. మళ్లీ అవసరమైతే వేరే గ్రూపు మందు, అంటే వేరే తీరులో చంపేది, తీసుకో. 32 డిగ్రీలు దాటిన ఎండలో నూనె కొట్టకు, గంధకం కొట్టిన వారాల్లోనూ వద్దు.

ఆదివారం వస్తాను. ట్యాంకు కడిగి ఉంచు, నింపకు.

బాబాయ్