ప్యూటర్ పని మొదలుపెట్టబోతున్న అమ్మలుకి

అమ్మలూ,

ప్యూటర్ పని, అదే తగరం ఎక్కువగా ఉండే మిశ్రమ లోహంతో చేసే పని, నేర్చుకుంటానని రాశావు, సంతోషం. మామూలు గ్యాస్ పొయ్యి మీద కరిగే లోహమే కదా, తేలికే అన్నావు చూడు, అక్కడే కాస్త టెన్షన్ పట్టుకుంది నాకు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, నిజమే. అందుకే అతుకు పెట్టేటప్పుడు మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా కప్పు అంచు కాస్తా బొట్టయి జారిపోతుంది. ఈ పనిలో సుత్తి కన్నా ముందు వేడి నీ చేతికి లొంగాలి.

లోహం కొత్త కడ్డీలే కొను, సీసం లేనివి. మంచి ప్యూటర్‌లో నూటికి 90 పాళ్లకు పైగా తగరమే. గట్టిదనం కోసం ఆంటిమొనీ అనే మూలకం, కొద్దిగా రాగి కలుపుతారు. చవగ్గా వచ్చిందని పాత సామాను కరిగించకు. వెనకటి వాటిలో చాలావరకు సీసం ఉండేది, కంటితో చూసి పోల్చడం నావల్ల కూడా కాదు. వంటింటి గిన్నెల జోలికి పోకుండా కరిగించడానికి వేరే ఇనుప మూకుడు పెట్టుకో.

పోత దగ్గర తడి అనేదే ఉండకూడదు. అచ్చులో ఒక్క నీటిబొట్టు మిగిలినా చాలు, అది ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. అచ్చు, గరిటె, చివరికి మూకుట్లో కొత్తగా వేసే కడ్డీ కూడా వేడిచేసి ఆరబెట్టాకే వాడు. కళ్లను కాపాడే అద్దాలు, తోలు గ్లవ్స్, నూలు బట్టలు, మూసిన బూట్లు లేకుండా పొయ్యి వెలిగించకు.

పైన కట్టే తెట్టు గరిటెతో పక్కకు తీసెయ్, ఊరికే కలపకు. వేడి చూడాలంటే పొడి పుల్ల ముంచు. గోధుమరంగుకు తిరిగితే చాలు, నల్లబడి మండిందంటే మంట తగ్గించాలి. లోహపు అచ్చయితే లోపల కొవ్వొత్తి మసి పట్టించు, లోహం సాఫీగా పారుతుంది. మొదటి రెండు మూడు పోతలు అచ్చు వేడెక్కడానికే పోతాయి. వాటిని చూసి దిగులుపడక మళ్లీ మూకుట్లో వేసెయ్. అచ్చు చల్లగా ఉంటే లోహం అంచుదాకా పారకముందే గడ్డకట్టి మడతలు పడుతుంది. మరీ కాలితే మందంగా ఉన్నచోట గుంట పడుతుంది. లోహాన్ని ధార తెగకుండా పోయాలి, మధ్యలో ఆగావా అక్కడ గీత మిగులుతుంది. పోసే కంత నిండా లోహం ఉంచు. లోపలిది చల్లారి కుంచించుకుపోతూ దాన్ని లాక్కుంటుంది.

రేకు పని నీకు నచ్చుతుంది. రాగిలా మాటిమాటికీ కాల్చి మెత్తబరచక్కర్లేదు, సుత్తి దెబ్బలకు ఇది బిగుసుకోదు. కాకపోతే ఇనుప సుత్తి మచ్చలు పెడుతుంది, చెక్క సుత్తి, ఇసుక సంచి చాలు.

అతుకుకి బిస్మత్ అనే లోహం కలిసిన టంకం తీసుకో, అది కప్పు కన్నా ముందే కరుగుతుంది. సన్నని మంటని ఒకచోట నిలపకుండా కదుపుతూ ఉండు. ముందు పనికిరాని ముక్కల మీద చెయ్యి తిరగనీ. వెండి పనికి వాడే ఆకురాళ్లు మాత్రం దీనికి ముట్టించకు. ప్యూటర్ రజను వెండికి అంటిందంటే కాల్చినప్పుడు గుంటలు తినేస్తుంది. రాలిన రజను పారెయ్యకు, మళ్లీ కరిగించుకోవచ్చు.

మెరుగు గురించి ఇప్పుడే కంగారు లేదు. ఎవరికైనా కప్పు ఇస్తే మాత్రం పొయ్యి మీద పెట్టొద్దని గట్టిగా చెప్పు.

మొదటి కప్పు ఫోటో పంపించు. అతుకు లోపలివైపు కూడా కనబడేలా తియ్యి.

నీ పెదనాన్న